బిల్లు మీద ముద్ర, సంచికి తూకము: స్వయంసేవా దుకాణాలలో దొంగతన నిరోధక ఏర్పాట్లు

విడీ ఘర్కుల్ వీధులలోని కిరాణా దుకాణాలలో కొనుగోలుదారు సరుకును తాకడు. బల్లకు ఇవతల నిలిచి అరకిలో కందిపప్పు, పావుకిలో చక్కెర అని అడుగుతాడు. బల్లకు అవతల ఉన్న దుకాణదారు తూచి, పొట్లము కట్టి, డబ్బు తీసుకొని లేదా ఉద్దర పుస్తకములో రాసికొని అందిస్తాడు. ఈ బల్లయే దొంగతన నిరోధక సాధనాలన్నింటిలోను పాతది. అయినా దానిని ఎవరూ అవమానముగా భావింపరు. అది అందరినీ ఒకే తీరుగా ఇవతల నిలబెడుతుంది. ఒకరిని ఆపి మరొకరిని పోనివ్వదు.

ఈ బల్లను మొదట తొలగించినది అమెరికాలోని మెంఫిస్ నగరములో క్లారెన్స్ సాండర్స్ అను వ్యాపారి. 1916లో ఆయన తెరచిన ‘పిగ్లీ విగ్లీ’ దుకాణములో అరలు తెరచి ఉండేవి. కొనుగోలుదారు చక్రద్వారము గుండా లోపలికి వచ్చి, ఒకే దారి వెంట అన్ని అరలను దాటుకొంటూ, కావలసినవి బుట్టలో వేసికొని, చివర ఒక్కచోట డబ్బు చెల్లించి బయటపడవలెను. సరుకు అందించే పనివారి జీతము మిగిలినది, ధర తగ్గినది. కాని సరుకు కొనువారి చేతికి రావడముతో, బల్ల దగ్గర ఉండే కాపలా వాకిలి దగ్గరకు మారినది. నేడు సూపర్ మార్కెట్ తలుపు దగ్గర కనబడే ముద్రలు, టోకెన్లు, మోగే కమానులు, కెమెరాలు అన్నీ ఆనాడు తీసివేసిన బల్లకు బదులుగా వచ్చినవే.

తలుపు దగ్గర జరిగే తనిఖీలు

సోలాపూర్ వంటి నగరాలలోని పెద్ద సరుకుల దుకాణాలలో ఈ ఏర్పాట్లు ఇంచుమించు ఒకే విధముగా ఉంటాయి. లోపలికి వెళ్ళేటప్పుడు చేతిసంచిని కౌంటరులో ఇచ్చి టోకెను తీసికోవలెను. లేదా సంచి మూతికి ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. బయటకు వచ్చేటప్పుడు కాపలాదారు బిల్లు చూసి, సంచిలోని వస్తువులను పైపైన లెక్కించి, బిల్లుపై ముద్ర వేస్తాడు లేదా రంధ్రము చేస్తాడు.

ఈ ముద్రను చూసి చాలామంది నొచ్చుకొంటారు. “డబ్బు కట్టి వచ్చిన తరువాత కూడా నమ్మకము లేదా?” అనే మాట ఆ వరుసలో తరచు వినబడుతుంది. ముద్ర పని మాత్రము వేరు. ముద్ర లేని బిల్లును జేబులో పెట్టుకొని మళ్ళీ లోపలికి వెళ్ళి, అవే వస్తువులను మరొకసారి తీసికొని, అదే బిల్లు చూపి బయటపడవచ్చును. ముద్ర పడిన బిల్లు రెండవసారి చెల్లదు. రెండవది, క్యాషియరు తన పరిచయస్థులకు కొన్ని వస్తువులను బిల్లు చేయకుండా పంపే అవకాశము ఉన్నది. తలుపు దగ్గరి లెక్క అతనిపైన కూడా నిఘాయే. కనుక ఆ ముద్రలో సగము అనుమానము దుకాణము తన సొంత ఉద్యోగిపై పెట్టుకొన్నది. ఈ సంగతి ఒక చిన్న బోర్డుపై మరాఠీలోను, తెలుగులోను రాసిపెడితే తగవులు సగము తగ్గుతాయి. రాసిపెట్టే దుకాణాలు అరుదు.

ఖరీదైన వస్తువులకు, అనగా నెయ్యి డబ్బాలు, క్షౌరపు బ్లేడ్లు, పసిపిల్లల పాలపొడి, సౌందర్య సామగ్రి వంటి వాటికి, ఒక పలుచని పట్టీ అంటించి ఉండవచ్చును. దుస్తులకైతే గట్టి ప్లాస్టిక్ బిళ్ళ గుచ్చుతారు. తలుపుకు ఇరువైపుల నిలిపిన స్తంభాలు రేడియో లేదా అయస్కాంత సంకేతమును పంపుతూ ఉంటాయి. పట్టీ వాటి నడుమకు వచ్చినప్పుడు తిరుగు సంకేతము ఇస్తుంది, గంట మోగుతుంది. బిల్లు వేసేటప్పుడు క్యాషియరు ఆ పట్టీని ఒక పలకపై రుద్ది నిర్వీర్యము చేయవలెను, బిళ్ళను ఊడదీయవలెను. తొందరలో అతడు మరచిపోతే, డబ్బు కట్టిన మనిషి మీదనే గంట మోగుతుంది. వేరొక దుకాణములో కొన్న చెప్పుల అడుగున మిగిలిపోయిన పట్టీకి కూడా మోగవచ్చును. గంట చెప్పేది ఒక్కటే: నిర్వీర్యము కాని పట్టీ ఒకటి తలుపు దాటుచున్నది. అది ఎవరి తప్పు అనేది గంటకు తెలియదు. వరుసలో నిలిచిన వారు మాత్రము తెలిసినట్లే చూస్తారు. బాధ అక్కడే మొదలవుతుంది.

క్యాషియరు లేని కౌంటరు

పూణే, హైదరాబాదు, బెంగళూరులలో చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన పిల్లలు, మరీ ముఖ్యముగా విదేశాలకు వెళ్ళినవారు, ఇంకొక మెట్టు ముందుకు పోయిన ఏర్పాటును చూస్తున్నారు. అక్కడ క్యాషియరు ఉండడు. కొనుగోలుదారే ఒక్కొక్క వస్తువును గాజుపలక ముందు తిప్పి గీతల గుర్తును, అనగా బార్‌కోడును, చదివించవలెను. తానే సంచిలో వేసికొని, తానే కార్డుతోనో ఫోనుతోనో చెల్లించవలెను. బార్‌కోడును దుకాణములో మొట్టమొదటిసారి చదివించినది 1974 జూన్ 26న, అమెరికాలోని ఒహాయో రాష్ట్రము ట్రాయ్ పట్టణములో. ఆ వస్తువు ఒక చూయింగ్ గమ్ పొట్లము. భారతదేశ సంస్థ ద్వారా నమోదైన బార్‌కోడులు 890 అంకెతో మొదలవుతాయి. ఇంట్లోని సబ్బు పెట్టెను తిప్పి చూస్తే కనబడుతుంది.

కాపలా లేని ఈ కౌంటరులో అసలు కాపలాదారు తక్కెడ. సంచి పెట్టే చోటు అడుగున తూకపు యంత్రము ఉంటుంది. ఫలానా బార్‌కోడు గల వస్తువు ఇన్ని గ్రాములు అని దుకాణపు కంప్యూటరులో ముందే రాసి ఉంటుంది. వస్తువును చదివించిన వెంటనే సంచి బరువు అంతే పెరగవలెను. పెరగకపోయినా, ఎక్కువ పెరిగినా, యంత్రము ఆగిపోయి ఎర్రదీపము వెలిగిస్తుంది. ఒక ఉద్యోగి వచ్చి చూసి విడుదల చేయవలెను.

బీడీ పని చేసే ఇండ్లలో ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు. బ్రాంచిలో తునికాకు, తంబాకు తూచి ఇస్తారు. తిరిగి తెచ్చిన బీడీలను లెక్కపెట్టి తీసికొంటారు. ఇచ్చిన సరుకుకు ఇన్ని బీడీలు రావలెనని ముందే లెక్క ఉంటుంది. తగ్గితే కూలిలో కోత పడుతుంది. ఆకు ఎండి చిరిగినదా, తేమకు పాడైనదా, ఎవరైనా పట్టుకుపోయినారా అని తక్కెడ అడుగదు. బాగులేవని ‘ఛాట్’ తీసిన బీడీల సంగతీ అంతే. ఇట్టి తగాదాలు ఎంత సహజమో గ్రహించియే, 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టము ముడిసరుకు జారీపైన, బీడీల తిరస్కరణపైన వచ్చే వివాదాలను పరిష్కరించే మార్గమును ప్రత్యేకముగా చూపినది. దుకాణపు తక్కెడ ముందు నిలిచినవానికి అట్టి ప్రత్యేక మార్గము లేదు. ఎర్రదీపము వెలిగినప్పుడు వచ్చే ఉద్యోగి మర్యాదయే దిక్కు.

ఎర్రదీపము చాలాసార్లు దొంగతనానికి వెలగదు. ఇంటినుండి తెచ్చిన గుడ్డసంచిని ముందుగా తెలియజేయకుండా తక్కెడపై పెట్టినప్పుడు, పక్కన నిలిచిన పిల్లవాడు చేయి ఆనించినప్పుడు, కొత్తిమీర కట్ట వంటి తేలిక వస్తువును యంత్రము గుర్తించలేనప్పుడు, తయారీదారు పొట్లము బరువు మార్చినా కంప్యూటరులో పాత బరువే మిగిలినప్పుడు వెలుగుతుంది. కూరగాయలకు బార్‌కోడు ఉండదు కనుక తెరపై బొమ్మను ఎన్నుకోవలెను. ఇంగ్లీషు పేర్లు చదవలేనివారు ఒక బొమ్మకు బదులు మరొకటి నొక్కడము సహజము. సరిగ్గా ఈ చోటనే నిజమైన మోసము కూడా జరుగుతుంది.

బ్రిటన్‌లో నేరశాస్త్ర పరిశోధకురాలు ఎమెలీన్ టేలర్ ఈ విషయముపై రాస్తూ, ఆస్ట్రేలియాలోని ఒక పెద్ద దుకాణము తన వద్ద ఉన్నవాటికంటె ఎక్కువ క్యారెట్లను అమ్మినట్లు లెక్కలు చూపిన సంగతిని పేర్కొన్నారు. కొనేవారు ఖరీదైన అవకాడో పండ్లను తూచి, తెరపై చవకైన క్యారెట్ బొమ్మను నొక్కినారు. తక్కెడకు బరువు సరిపోయినది, పేరు సరిపోలేదు. ఇట్లు చేసినవారిలో ఎక్కువమంది తమను దొంగలుగా తలచుకోరని, క్యాషియరు ముందు ఎన్నడూ చేయని పనిని యంత్రము ముందు చేస్తారని ఆమె వాదన. లీసెస్టర్ విశ్వవిద్యాలయములో ఎడ్రియన్ బెక్ 2016లో ప్రకటించిన అధ్యయనములో, కొనుగోలుదారులు చేతి పరికరముతో తామే చదివించుకొన్న బుట్టలను తిరిగి లెక్కించి చూడగా, సరుకు విలువలో నూటికి సుమారు నాలుగు వంతులు చదివించకుండా పోయినట్లు తేలినది. అందులో మోసము ఎంత, పొరపాటు ఎంత అని విడదీయడము కష్టము. దొంగ కూడా “మరచిపోయినాను” అంటాడు, మరచిపోయినవాడు కూడా అదే మాట అంటాడు.

నష్టము పెరిగినకొలది ఏర్పాట్లు బిగుసుకొన్నవి. తలపైన కెమెరా పెట్టి చేతి కదలికను కంప్యూటరు చేత పరిశీలింపజేస్తున్నారు. తెరపై కొనుగోలుదారు ముఖమునే చూపిస్తున్నారు. బిల్లుపై గుర్తును చదివిస్తేనే తెరుచుకొనే గేట్లు పెడుతున్నారు. కొన్నిచోట్ల ఏ కారణము లేకుండా ఎంపిక చేసి బుట్టను మొత్తము తిరిగి లెక్కిస్తారు.

కొనేవారి స్పందన

మనుషులు ఈ ఏర్పాట్లకు ఒకే తీరుగా స్పందింపరు. యువకులకు వరుసలో నిలబడే బాధ తప్పినదని సంతోషము. ఎవరి చూపు లేకుండా తమకు కావలసినది కొనుక్కోవచ్చునని కొందరు స్త్రీలకు ఇది నచ్చుతుంది. వయసు మళ్ళినవారికి, భాష రానివారికి మాత్రము యంత్రము ఒక పరీక్షగా తోస్తుంది. “క్యాషియరు పని మా చేత ఉచితముగా చేయించుకొని, పైగా మమ్మల్నే అనుమానిస్తారా?” అన్నది పలు దేశాలలో వినిపించిన ఆక్షేపణ. దీనిలో న్యాయము ఉన్నది. ఉత్తర ఇంగ్లండులోని ‘బూత్స్’ అను దుకాణాల సంస్థ 2023 నవంబరులో తన 28 దుకాణాలలో రెండింట తప్ప మిగిలిన అన్నింట ఈ యంత్రాలను తొలగించి, మనుషులను తిరిగి కూర్చుండబెట్టుటకు నిర్ణయించినది. 2024 మార్చిలో అమెరికాలోని ‘టార్గెట్’ సంస్థ తన దుకాణాలలో ఎక్కువ భాగము యంత్రపు వరుసలకు పది వస్తువుల పరిమితి విధించినది.

మన దగ్గర కనబడే స్పందన మరొక రకము. గంట మోగగానే, తప్పు చేయనివారే ఎక్కువగా తడబడతారు. మరాఠీ ధారాళముగా రాని గృహిణి ముందు కంగారుపడుతుంది. కంగారును కాపలాదారు అపరాధముగా చదువుతాడు. ఇరుగుపొరుగువారు వరుసలో ఉంటే ఆ మాట సాయంత్రానికి వీధి చేరుతుంది. బీడీలు చుట్టి దాచిన డబ్బుతో నెల సరుకు కొనుక్కోవడానికి వెళ్ళిన మనిషికి, వస్తువు ధరకంటె పోయిన పరువు ఖరీదైనది. కనుక చట్టము ఏమి అనుమతిస్తుందో, ఏది అనుమతించదో ముందే తెలిసి ఉండడము మేలు.

చట్టము ఏమంటుంది

దుకాణపు ఉద్యోగికి గాని, కాపలాదారుకు గాని పోలీసుకు ఉన్న సోదా అధికారము లేదు. సంచి చూపమని అడగవచ్చును. చూపడము కొనుగోలుదారు సమ్మతిపై జరిగే పని. బిల్లు, సంచి చూపడము చాలా సందర్భాలలో సులభమైన మార్గమే. కాని ఒంటిపై చేయి వేయడము, కొంగు దులపమనడము, లోపలి గదికి తీసికొనిపోయి వెదకడము వేరు సంగతి. పోలీసులు సోదా చేయవలసి వచ్చినప్పుడు కూడా, స్త్రీని స్త్రీయే మర్యాదకు భంగము లేకుండా సోదా చేయవలెనని 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతున్నది. పోలీసుకు లేని స్వేచ్ఛ కాపలాదారుకు ఉండదు.

కారణము లేకుండా దారి అడ్డగించడము, గదిలో కూర్చుండబెట్టి బయటకు పోనివ్వకపోవడము భారతీయ న్యాయ సంహితలోని 126, 127 సెక్షన్ల క్రింద నేరాలు. ఒక సామాన్య పౌరుడు మరొకరిని పట్టుకొనే అధికారము 40వ సెక్షను (నాగరిక్ సురక్షా సంహిత) ఇస్తున్నది గాని, అది తన కళ్ళ ఎదుట జరిగిన, బెయిలు దొరకని, పోలీసులు స్వయముగా అరెస్టు చేయదగిన నేరాలకు పరిమితము. పట్టుకొన్నవారిని ఆలస్యము చేయకుండా, ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించవలెను. గంట మోగినది అన్నంత మాత్రాన కళ్ళ ఎదుట నేరము జరిగినట్లు కాదు.

“దొంగతనము చేస్తే పదిరెట్లు జరిమానా” వంటి బోర్డులు కొన్నిచోట్ల కనబడతాయి. జరిమానా విధించేది న్యాయస్థానము. దుకాణానికి ఆ అధికారము లేదు. భయపడి డబ్బు కట్టి, చదవలేని భాషలో ఉన్న కాగితముపై సంతకము చేసి బయటపడినవారు, తరువాత తాము నిర్దోషులమని చెప్పుకొన్నా ఆ కాగితము అడ్డము వస్తుంది. అనుమానితుల ఫోటోలను ‘దొంగలు’ అని గోడపై అంటించడము 356వ సెక్షను క్రింద పరువునష్టము కావచ్చును.

ఇవన్నీ నిజమైన దొంగకు రక్షణ కాదు. దొంగతనానికి న్యాయ సంహిత 303వ సెక్షను మూడేండ్ల వరకు జైలు శిక్ష చెబుతున్నది. సొత్తు విలువ ఐదు వేల రూపాయలకు లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడిన వ్యక్తి సొత్తును లేదా దాని విలువను తిరిగి ఇచ్చినప్పుడు శిక్ష సమాజ సేవ. అటువంటప్పుడు కూడా శిక్షపడినట్లు నమోదు అవుతుందని మరువరాదు.

గంట మోగినప్పుడు పరుగెత్తడము, సంచిని దాచడము రెండూ తప్పు అర్థాన్ని ఇస్తాయి. అక్కడే నిలిచి బిల్లు చూపవలెను. ఒక్కొక్క వస్తువును స్తంభాల నడుమ విడివిడిగా దాటించి చూడమని కోరవలెను. ఏ పట్టీ మోగినదో ఒక నిమిషములో తేలుతుంది. మరాఠీలో మూడు మాటలు చాలును: “మహిలా కర్మచారీ బోలవా” అంటే మహిళా ఉద్యోగిని పిలవండి, “సీసీటీవీ దాఖవా” అంటే కెమెరా దృశ్యము చూపండి, “పోలిసాంనా బోలవా” అంటే పోలీసులను పిలవండి. నిర్దోషి నోట మూడవ మాట వచ్చినప్పుడు చాలా తగవులు అక్కడికక్కడే చల్లారుతాయి. అత్యవసర నంబరు 112.

పిల్లల విషయము మరింత సున్నితము. చాక్లెట్టు జేబులో వేసికొన్న పదేండ్ల పిల్లవాడిని దుకాణములో కొట్టడము, మెడలో పలక వేసి నిలబెట్టడము నేరము. పద్దెనిమిదేండ్లలోపు వారిని పోలీసు లాకప్పులో ఉంచరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టము స్పష్టముగా చెబుతున్నది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది.

విదేశాలకు వెళ్ళే పిల్లల తల్లిదండ్రులకు

2024 వసంతములో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము హొబోకెన్ పట్టణములో ఇద్దరు తెలుగు విద్యార్థినులు ఒక సరుకుల దుకాణములో కొన్ని వస్తువులకు డబ్బు చెల్లించలేదనే ఆరోపణపై అరెస్టయిన వార్త తెలుగు పత్రికలన్నింటిలో వచ్చినది. ఒకరు రెట్టింపు డబ్బు కడతామని అన్నట్లు వార్తలు తెలిపినవి. ఆ మాట అక్కడ చెల్లలేదు. ఇక్కడి వీధి దుకాణములో పొరపాటు బయటపడితే డబ్బు కట్టి, నాలుగు మాటలు పడి, ఇంటికి రావచ్చును. అక్కడ పోలీసు పిలుపు వెళ్ళిన తరువాత డబ్బు కట్టడముతో కేసు ముగియదు. న్యాయస్థానము మెట్లు ఎక్కవలెను. 2025 జులైలో భారతదేశములోని అమెరికా రాయబార కార్యాలయము, దొంగతనము వంటి నేరాల వలన వీసా రద్దు కావచ్చునని, భవిష్యత్తులో వీసా దొరకకపోవచ్చునని బహిరంగముగా హెచ్చరించినది.

అప్పు చేసి పంపిన చదువు నాలుగు డాలర్ల వస్తువు దగ్గర ఆగిపోకుండా ఉండుటకు, ప్రయాణానికి ముందు కొన్ని సంగతులు చెప్పి పంపడము మంచిది. బుట్ట అడుగు భాగములో పెట్టిన బియ్యపు బస్తాను కూడా చదివించవలెను. యంత్రము చదివినప్పుడు వచ్చే శబ్దమును వినవలెను, తెరపై వరుస పెరిగినదా చూడవలెను. ఫోనులో మాట్లాడుతూ చదివించరాదు. స్నేహితుల సరుకు, తమ సరుకు కలిపి వేయరాదు. అనుమానము వచ్చినప్పుడు ఉద్యోగిని పిలవడములో చిన్నతనము లేదు. బిల్లును తలుపు దాటే వరకు కాదు, ఇంటికి చేరే వరకు దాచవలెను.

కొనుగోలుదారు తనిఖీ

ఈ కెమెరాలు, తక్కెడలు అన్నీ ఒకే వైపు చూస్తాయి. వస్తువు బిల్లులో పడకపోతే గంట మోగుతుంది. ఒకే వస్తువు రెండుసార్లు పడితే మోగదు. అరపై రాసిన తగ్గింపు ధర కంప్యూటరులో ఎక్కకపోతే ఏ దీపమూ వెలగదు. పొట్లముపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మడము చట్టవిరుద్ధము. ఆ తనిఖీ కొనుగోలుదారే చేసికోవలెను. కనుక ముద్ర పడే లోపల, తలుపు దగ్గరి వరుసలో నిలిచిన సమయాన్ని బిల్లు చదవడానికి వాడుకోవచ్చును. బిల్లు ఇవ్వడానికి ఫోను నంబరు తప్పనిసరి అని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల మంత్రిత్వ శాఖ 2023 మే నెలలో దుకాణాలకు సూచించినది. సొంత సంచిని లోపలికి రానివ్వకుండా, ముందుగా చెప్పకుండా, చివర కౌంటరులో సంచికి ధర వసూలు చేయడము అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో ఒక కేసులో తీర్పు ఇచ్చినది.

ఇట్టి ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చును. అంతటితో తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు, ఘటన జరిగిన రెండేండ్లలోపు ఫిర్యాదు చేయవచ్చును. 2019 చట్టము ప్రకారము దుకాణము ఏ ఊరిలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే అర్జీ పెట్టవచ్చును. సరుకు విలువ ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. అర్జీతో బిల్లు ప్రతిని జతచేయవలెను. యంత్రపు బిల్లుపై అక్షరాలు కొంతకాలానికి వెలిసిపోతాయి గనుక, ఇంటికి రాగానే దానికి ఫోటో తీసి ఉంచుకోవలెను.